తోడికోడలి నవలకు ప్రూఫులు

ఇరవై రెండేళ్లుగా ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న ఆమె బల్ల మీదికి ఒకరోజు సొంత తోడికోడలు రాసిన నవలే వచ్చింది. క్రూరుడైన చక్రవర్తి మీద ఉప్పు మోసే ఆడకూలీలు తిరగబడే కథ. తను రాస్తున్న నవల మాత్రం ఏళ్ల తరబడి మొదటి అధ్యాయం దాటలేదు. అందుకే ఎర్రపెన్ను పట్టుకుని, తప్పుల కోసం కళ్లలో వత్తులు వేసుకుని వెతికింది.

మూడో అధ్యాయానికే కడుపు మండిపోయింది. కథ అంత బాగుంది. కూలీలు కోట తలుపులు విరగ్గొట్టే చోట, టీ చల్లారిపోయిన సంగతే గమనించలేదు.

చివరికి ఒక తప్పు దొరికింది. మొదట్లో చక్రవర్తికి ఎడమ కన్ను లేదు. చచ్చేటప్పుడేమో కుడి కన్ను లేదు. ‘నలుగురూ నవ్వనీ’ అనుకుని పేజీ తిప్పేసింది.

సాయంత్రం తోడికోడలు ఫోన్ చేసింది. “అక్కా, నీ చేతిలో పడిందంటే నాకిక దిగుల్లేదు. ఎలా ఉంది?”

ఆమె ఎర్రపెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నీ చక్రవర్తికి ఏ కన్ను లేదో ముందు తేల్చుకో తల్లీ.”

“అయ్యో, ఎడమేనక్కా! బతికించావు.”

ఆమె పేజీ వెనక్కి తిప్పి, ‘కుడి’ కొట్టేసి ‘ఎడమ’ అని రాసింది. దాని కిందున్న వాక్యం మళ్లీ చదివింది. అది తను రాసుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ ఇంకోసారి చదివింది.