పేక లేని రాడ్డు

"గుంజుడు రాదు నీకు" అని మా బావ నన్ను ధర్మసాగర్ చెరువు కట్ట మీద అన్నాడు. అప్పుడు అక్కడ గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లు మేమిద్దరం కాక తొమ్మిది మంది. నేను లెక్కపెట్టాను. తొమ్మిది మందీ నవ్వారు.

బావ అంటే మా అక్క భర్త. బామ్మర్దిని ఏడిపించే హక్కు బావకు ఉందంటారు, నేనూ కాదనను. నా బట్టతలను అన్నాడు, నా స్కూటర్‌ను అన్నాడు, నా పెళ్లిలో నేను కట్టుకున్న పంచెను అన్నాడు. అన్నీ గుర్తున్నాయి, అన్నీ వదిలేశాను. ఇది వేరు. మాది మగ్గాల ఇల్లు. మీసాలు రాకముందు నుంచి జంపఖానాలు నేశాను. దారం ఎంత గుంజితే నిలుస్తుంది, ఇంకెంత గుంజితే తెగుతుంది అన్నది కళ్లు మూసుకుని వేళ్లతో చెప్పగలను. మా నాన్న నన్ను బతుకంతా మెచ్చుకున్నది ఆ ఒక్క సంగతికే. "వీని చెయ్యి మంచిది, దారం తెంపడు" అనేవాడు. అలాంటి చేతికి గుంజుడు రాదట. దారం సంగతి తెలియని మనిషి, తొమ్మిది మంది ముందు.

ఆ మాట తెచ్చిపెట్టిన గాలం రాడ్డు సంగతి మొదటి నుంచి చెప్పాలి. అంతకు ముందు నాది వెదురు గాలం. కట్ట మీద ఒక్కొక్కరే రీలు రాడ్డులు తెచ్చుకుంటుంటే నేను కూడా వరంగల్లో ఒక దుకాణానికి పోయాను. దుకాణం పేరు రాయను. రాస్తే దుకాణదారుకు ప్రచారం చేసినట్టవుతుంది.

"కార్బన్, అన్నా. పట్టుకొని సూడు, కాకి ఈక లెక్క ఉంటది" అన్నాడు దుకాణదారు.

నిజంగానే తేలిగ్గా ఉంది. నల్లగా మెరుస్తోంది. అతను రాడ్డు కొన పట్టుకుని నేలకు ఆనేదాకా వంచాడు.

"సూస్తానవా? ఎంత వంచినా ఇరగదు."

నేను నమ్మాను. ఏ రాడ్డుకైనా కొన వంగుతుందని, కొనను వంచి చూపడమంటే జంపఖానా కుచ్చులు ఊపి చూపి గట్టిదని చెప్పడం లాంటిదని అప్పుడు నాకు తట్టలేదు. నడుమ భాగాన్ని అతను ఒక్కసారి కూడా వంచలేదు. ఆ విషయం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మొదటి ఆదివారమే బావతో పోయాను. తవుడులో పల్లి చెక్క పొడి కలిపి ముద్ద చేసి వేశాను. ఎండ ఎక్కుతుండగా బెండు ఒకసారి పక్కకు జరిగి, గబుక్కున మునిగింది. రీలు కర్రుమని తిరిగింది. చేప దూరంగా ఒకసారి పైకి వచ్చి వీపు చూపింది. పెద్ద తల, వెండి పొలుసులు. బొచ్చె చేప. అది పరుగెత్తినప్పుడు వదిలాను, అలసినప్పుడు చుట్టాను. దారం పని నాకు ఎవరూ నేర్పక్కరలేదు. రాడ్డు విల్లులా వంగింది. బావ పక్క నుంచి ఏదో అరుస్తున్నాడు. "దించు, దించు" అని వినబడింది. ఇక దించుకో, ఓడిపోయావు అని ఎగతాళి చేస్తున్నాడనుకుని పట్టించుకోలేదు. చేప కట్ట దగ్గరికి వచ్చింది. రెక్కలు కనిపిస్తున్నాయి. అప్పుడు ఫట్‌మంది.

రాడ్డు రెండు ముక్కలైంది. రాడ్డు రెండు భాగాలూ కలిసే అతుకు దగ్గర కాదు, అతుక్కు జానెడు పైన. విరిగిన అంచు తగిలి దారం కూడా తెగింది. బొచ్చె పోయింది.

"అయ్యో, ఇరిగింది" అన్నాను.

"ఇరగలే బామ్మర్దీ, ఇరగ్గొట్టినవ్. గుంజుడు రాదు నీకు. చాపను గుంజుమంటే బోరింగు పైపును గుంజినట్టు గుంజినవ్."

"పాపం, రాడ్డేం జేస్తది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వు అక్కడ మొదలైంది.

మరునాడు ముక్కలు తీసుకుని దుకాణానికి పోయాను.

"ఎంత చాపనన్నా?" అన్నాడు దుకాణదారు.

"నాలుగైదు కిలోలు ఉంటది."

"తూకం ఏసినవా?"

"పోయిన చాపను ఎట్ల తూకం ఏస్త? వీపు చూసిన."

"వీపు చూసి తూకం చెప్తానవా! రాడ్డుది తప్పు లేదన్నా. నీ చెయ్యి మోటుది."

"వారంటీ ఉన్నదంటివి కద?"

"ఉన్నది. ఇరిగినదానికి ఉండదు."

"ఇరగనిదానికి నాకెందుకయ్యా వారంటీ?"

అప్పటికే ఇంకో మనిషి వచ్చాడు. దుకాణదారు అతని వైపు తిరిగి అలాంటిదే నల్ల రాడ్డు తీసి, కొన పట్టి నేలకు వంచాడు. "కాకి ఈక లెక్క ఉంటది" అన్నాడు. నా విరిగిన ముక్కలు అదే బల్ల మీద ఉన్నాయి. వాటిని మోచేత్తో పక్కకు జరిపాడు. ఆ జరపడం నేను చచ్చేదాకా మరిచిపోను.

బావ అన్న ఆ మాట కట్ట మీదే ఆగి ఉంటే ఊరుకునేవాణ్ణేమో. అక్క మనవరాలికి పుట్టెంట్రుకలు తీసిన రోజు, బంతి మీద అందరూ తింటుండగా బావ ఆ కథ ఎత్తుకున్నాడు. లోకంలో తప్పించుకున్న చేప నోటి నోటికీ పెరుగుతుంది. నాది తరుగుతూ వచ్చింది. మొదట మూడు కిలోలన్నాడు. కూర వడ్డించేసరికి కిలోన్నర. పెరుగు దాకా వచ్చేసరికి "గింతంత చాప" అని అరచెయ్యి చూపించాడు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సొంత అక్క.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ముక్కలు ముందేసుకుని కూర్చున్నాను. తప్పు నా చేతిదా, రాడ్డుదా? నాకు తేలాల్సింది అదొక్కటే. గుడ్డలో పోగులు లెక్కపెట్టే భూతద్దం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. దానితో విరిగిన చోటు చూశాను. రాడ్డు లోపల డొల్ల, సన్నని గొట్టం. ఆ గొట్టం గోడలో నల్లటి పోగులు కొస నుంచి పిడి దాకా నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, చక్కగా సాగి ఉన్నాయి. అడ్డంగా ఒక్క పోగు లేదు. గోరుతో గీకి చూశాను. వెదురు పుల్ల చీలినట్టు నిలువునా చీలి వచ్చింది.

పడుగు ఉంది. పేక లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఇంట్లో ఆసు మీద నూలు తిప్పే ముసలమ్మకు కూడా తెలుసు, ఉత్త పడుగు గుడ్డ కాదని. జంపఖానా ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే పడుగు మోస్తుంది నిజమే. కానీ ఆ పడుగు పోగులను పక్కకు పోకుండా పట్టి ఉంచేది పేక. పేక తీసేస్తే మిగిలేది దారాల కుప్ప. గొట్టమైనా అంతే అనిపించింది. అనిపిస్తే సరిపోదు, చూడాలి.

పెరట్లో బొప్పాయి చెట్టు ఉంది. ఆకు కాడ డొల్లగా, మన రాడ్డులాగే ఉంటుంది. ఒకటి కోసి మెల్లగా వంచాను. అది ముందు విరగలేదు. ముందు వంపు దగ్గర చదునైంది. గుండ్రని గొట్టం కోడిగుడ్డులా నొక్కుకుపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా ముడుచుకుని చీలింది. ఇంకో కాడ తీసుకుని పొడవునా దారం దగ్గరదగ్గరగా చుట్టి వంచాను. గొట్టాన్ని దారం గుండ్రంగా పట్టి ఉంచింది. చదును కాలేదు. ముందుదానికంటే ఎంతో ఎక్కువ వంగింది. నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ అంతే.

"చెట్టు మోడైంది, ఇగ చాలు" అన్నది మా ఆవిడ.

"నా ఇజ్జత్ సంగతి ఇది."

"ఇజ్జత్ బొప్పాయి కాడల ఉంటదా?"

తర్వాతి ఆదివారం బావ చూడకుండా అతని పాత రాడ్డును కూడా భూతద్దంతో చూశాను. పసుపు రంగుది, గాజు పోగుది, ఎత్తితే రోకలిలా ఉంటుంది. రంగు లేచిన చోట గాజు దారం గుడ్డలా నేసి కనిపించింది. పడుగూ పేకా రెండూ ఉన్నాయి. పైగా గోడ నా రాడ్డుకు రెండింతల మందం. దారం దూరిపోయే రింగులు కూడా దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి చేప లాగుడు ఒక్క చోట పడకుండా రాడ్డంతా పంచుకుంటుంది. ఇన్నేళ్లుగా అతని రాడ్డు విరగకపోవడానికి కారణం అతని చెయ్యి కాదు, ఆ రాడ్డు చేసినవాడి చెయ్యి. ఆ పేరు మా బావ తెచ్చుకున్నాడు!

చెప్తే వింటాడా? చేసి చూపాలనుకున్నాను. విరిగిన అంచులు సాపు చేసి, వెదురు పుల్లను గొట్టంలో పట్టేలా చెక్కి, గమ్ము పూసి రెండు ముక్కలనూ కలిపాను. పైన సన్నని దారంతో అతుకు నుంచి విరిగిన చోటు దాటి పైనున్న రింగు దాకా సందు లేకుండా చుట్టాను. అంటే పేక వేశాను. దారం కదలకుండా ఏం పెట్టాలి? ఆలోచించనే లేదు. మా ఇంట్లో దారం గట్టిపడాలంటే ఏం పెడతారో అదే పెట్టాను. గంజి.

ఎండలో ఎండబెడితే కర్రలా బిగిసింది. మురిసిపోయాను. ధర్మసాగర్ నీళ్లలో రెండు సార్లు తడిసేసరికి గంజి నాని, దారం జారి, రాడ్డు నడుముకు వదులు మొలతాడులా వేలాడింది.

బావ వచ్చి దాన్ని వేలితో ముట్టి వాసన చూశాడు.

"గంజి పెట్టినవా బామ్మర్దీ! ఇస్త్రీ గూడ చేయకపోయినవ్?"

ఈసారి కట్ట మీద ఏడుగురు. తప్పు నాదే, దాన్ని కాదనను. అయినా గంజి పెట్టడం వేరు, గుంజుడు రాకపోవడం వేరు. రెండూ కలిపి నవ్వడం అన్యాయం.

మళ్లీ చుట్టాను. ఈసారి రెండు ట్యూబుల గమ్ము కలిపి, దారం తాగేదాకా పూసి, మూడు రోజులు ముట్టకుండా ఆరబెట్టాను. రాడ్డు కాస్త బరువెక్కింది. కాకి ఈక కాదు ఇప్పుడు.

కొన్ని ఆదివారాలు ఏమీ పడలేదు. తర్వాత ఒకనాడు పొద్దున బెండు పక్కకు జరిగి గబుక్కున మునిగింది. అదే మునక. రీలు కర్రుమన్నది. నా రాడ్డు వంగింది, నేను చుట్టిన చోట కూడా వంగింది, నిలిచింది. చేప దగ్గరికి వస్తుంటే బావ మళ్లీ అరిచాడు.

"దించు! కట్టె దించు!"

ఈసారి నా చెయ్యి చూసుకున్నాను. మోచెయ్యి భుజం దాటి పైకి పోయి ఉంది. రాడ్డు నిటారుగా ఆకాశంలోకి నిలబడి ఉంది, చేపేమో కాళ్ల దగ్గర ఉంది. అలా నిలబెడితే గట్టిగా ఉండే కింది భాగం ఏమీ మోయదు, బరువంతా పైనున్న సన్నని భాగం మీదికి పోతుంది. వెదురు గాలంతో చేపను ఎత్తి గట్టున వేసే అలవాటు అది. బావ మొదటి రోజు అరిచింది కూడా ఇదే. ఎగతాళి కాదు. నేను పిడిని నడుము దాకా దించాను. వంపు పిడి వైపు జారింది. నాలుగు నిమిషాల్లో బొచ్చె వలలోకి వచ్చింది. తూకం వేశాను, అందరి ముందు. నాలుగు కిలోలకు కాస్త ఎక్కువే.

కాబట్టి రాస్తున్నాను: మొదటి రోజు తప్పులో నా చేతికి పావు వంతు ఉంది. మిగతా ముప్పావు ఆ పేక లేని రాడ్డుది, దాన్ని కొన పట్టి వంచి అమ్మినవాడిది. ఈ పావు వంతు బావకు చెప్పలేదు. అతను అడగనూ లేదు. చేపను చూసి, రాడ్డును చూసి, "గమ్ము మంచిదున్నట్టున్నది" అన్నాడు. అంతే. గమ్మట!

పది రోజులకు బావా అక్కా మా ఇంటికి వచ్చారు. బావ చేతిలో ఆ పసుపు రాడ్డు ఉంది. ఒక రింగు కట్టు ఊడిపోయింది.

"జర ఇది కట్టియ్యి బామ్మర్దీ."

"కడత. ముందు ఆ మాట వాపస్ తీసుకో."

"ఏ మాట?"

నేను అతని మొహం చూశాను. నాటకం కాదు. నిజంగానే గుర్తు లేదు. నేను నెలల తరబడి మోసిన మాటను ఆ మనిషి ఆనాడు బంతి లేవకముందే మరిచిపోయాడు. అన్న మాట కంటే అదే ఎక్కువ మండించింది.

అయినా కట్టాను. దారం ఒక చివర పళ్లతో పట్టి, రాడ్డును తొడ మీద తిప్పుతూ, మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా బిగువు వెంట్రుకంత మారకుండా చుట్టాను. గమ్ము పూసి పంపాను. ఆరాక ఒకరోజు అక్క ఇంటికి పోతే బావ అరుగు మీద కూర్చుని ఆ కట్టు మీద బొటనవేలు రాస్తున్నాడు.

"మస్తు గుంజి కట్టినవ్" అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

నేను గడపలోనే ఆగిపోయాను. లోపల అక్క కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, ఇన్నవా? బావ ఏమన్నడో ఇన్నవా?"

"ఏమన్నడు?" అన్నది తల ఎత్తకుండా.

"బావా, మళ్లొకసారి అను."

"ఏం అనాలె?" అన్నాడు బావ.