చింతగింజల లడాయిలో సాయిలు వంతు

మా చిన్నప్పుడు లడాయి మొదలుకావాలంటే ముందు మా అమ్మ చింతపండు కొట్టాలి... గింజలు రాలితేనే కదా సిపాయిలు!

నల్లగింజలు నా దండు. ఒక పక్క బండకు అరగదీసి తెల్లగా చేసినవి సాయిలుగాడి దండు. గచ్చకాయలు ఏనుగులు. మా అరుగు మీద బొగ్గుతో గీసిన రెండు కోటలు... నడుమ కుండపెంకులో నిజం నీళ్ళు. అది బావి. గవ్వలు వేసి, ఎన్ని పడితే అన్ని బెత్తెలు కదలాలి.

సాయిలు ఎవరంటారా... పక్కింటివాడు. వాడికెప్పుడూ ముక్కు కారేది. వాడు తుడుచుకునేలోపు నేను వాడి సిపాయిని ఒకణ్ణి మాయం చేసేవాణ్ణి. నవ్వకండి... మీరేం తక్కువ తిన్నారా?

ఆ ఏడు వానల్లేవు. మా రెండిళ్ళకూ కలిపి ఉన్న ఒక్క బావీ అడుగంటింది. నీళ్ళ వంతు కాడ మా బాపూ వాళ్ళ బాపూ కర్రలు పట్టుకున్నారు. ఇక పెద్దలకు మాటల్లేవు...

పిల్లలు చూసిందే కదా ఆడేది. అందుకని మేమూ ఒక కాయిదా పెట్టుకున్నాం. చూరు నీడ బొగ్గుగీత దాకా వచ్చేలోపు దండు నీళ్ళు ముట్టాలి. లేదంటే దండు మొత్తం దూపతో చచ్చినట్టే.

ఒకరోజు నీడ గీత దగ్గరికి వచ్చేసింది... నా దండు బావికి ఒక్క పందెం దూరంలో ఉంది. బావి మీద సాయిలు ఏనుగు కూర్చుంది. వాడు కదలకుండా ఉంటే చాలు, గెలిచినట్టే.

వాడు ఏనుగును పక్కకు జరిపాడు.

"తాగిపో లచ్చిగా."

నేను పుట్టు దొంగను కదా... ఎదుటివాడూ దొంగే అనుకుంటాను.

"ఏం మతలబురా? నేను రాంగనే మీద పడుతవా?"

"పడ. మీ బాపు, మా బాపు ఎట్లన్న కొట్టుకున్నరు. మనం గూడ కొట్టుకుంటె నేనెవనితోని ఆడాలె?"

నమ్మాను. ఒక్కో గింజనూ తీసి నీళ్ళలో ముంచాను... కావాలనే నిదానంగా. నా ఏనుగునైతే బోర్లించి మరీ వీపు రుద్దాను.

"తాగుమన్న గని, తానం జెయ్యమన్ననారా!" అని నెత్తి మీద ఒకటిచ్చాడు.

ఇంతలో వాళ్ళమ్మ పిలిచింది. పోతూ పోతూ వేలు చూపించాడు.

"రేపు నా దండుకు దూప అయితది. అప్పుడు నువ్వు జరగాలె. యాదికుంచుకో."

ఆ రేపు రాలేదు... తెల్లారేసరికి వాళ్ళింటికి తాళం. బతుకుదెరువుకు భివండి పోయారన్నారు.

నేను ఆట తీయలేదు. కోళ్ళు వచ్చి సిపాయిలను పొడిస్తే తోలాను. పెంకులో నీళ్ళు ఎండిపోతే, నేను తాగే చెంబులోంచి మళ్ళీ పోశాను. ఆఖరికి ఒకనాడు మా అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది... చీపురు ముందు నిలబడ్డ దండు ఏ రాజ్యంలోనూ లేదు.

ఇప్పుడు నేను ఎడారి దేశం వచ్చి, సల్మాబాద్‌లో ఒక గోదాం కాడ వాచ్‌మన్‌ని. ఇక్కడే జుఫైర్‌లో ఒక హోటల్లో డ్యూటీ చేసే మా మనవడు రాకేశ్, సెలవు రోజున లాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తాడు. వాడికి పెళ్ళిచూపులకన్నా లడాయి ఆటల మీదే ప్రేమ... అందుకే ఇంకా పిల్ల దొరకలేదు.

అందులో అన్నీ పాతకాలం దండ్లు... ఒంటెలు, ఇసుక, అక్కడక్కడా బావులు. ఈ ఆట ఆడేవాళ్ళు లోకం మొత్తంలో గుప్పెడు మందేనట. కత్తి దెబ్బకన్నా దూపతోనే ఎక్కువ మంది చస్తారు ఇందులో.

"అప్పటి లడాయిలు అచ్చం గిట్లనే ఉండేటియట తాతా."

"నాకు జెప్తున్నవారా! నేను ఆ లడాయిలకెల్లే వచ్చిన."

ఒక దండు నాది, ఎదుటి దండును కంప్యూటరే నడుపుతుంది. దానికి నేను కఫీల్ అని పేరు పెట్టాను... ఇక్కడ మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమానిని అలాగే అంటారు. యజమానులందరి లాగే అదీ నవ్వదు, అలసిపోదు, ఏదీ మరిచిపోదు. దాని సిపాయిని మాయం చేద్దామన్నా కుదరదు... ముక్కు కారితే కదా!

మొన్న శుక్రవారం బావి నా చేతికి చిక్కింది. కఫీల్ దండు ఇసుకలో దూపతో సగమైంది. ఇంకో బావి దగ్గర్లో లేదు. రాకేశ్ నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు.

"కదలకు తాతా! గట్టిగ కూసో. ఇగ ఖలాస్, అది చస్తది."

నేను నా దండును పక్కకు జరిపాను.

"ఏం జేస్తున్నవ్ తాతా! మతి గిట్ల పోయిందా?"

"తాగిపోనీ రా..."

చూస్తున్నాం. కఫీల్ దండు బావి వైపు కొంచెం వచ్చింది... ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది, అటు తిరిగింది, ఇటు తిరిగింది... బావి మాత్రం ముట్టలేదు.

"రాదు తాతా. మన దండు పక్కనే ఉన్నది గద, వస్తె మీద పడుతమని లెక్కేసుకుంటది."

"పడనని చెప్పురా దానికి."

"ఎట్ల జెప్పాలె తాతా... గా బటన్ లేదు."

నీళ్ళ ముందరే దండు మొత్తం రాలిపోయింది. బాకాలు మోగాయి... నేను గెలిచానట. రాకేశ్ చప్పట్లు కొట్టాడు. నాకెందుకో నోరు ఎండిపోయింది. లేచి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగాను.

ఇప్పుడు ఆడటానికి ఎదుటివాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతాడు... తగవు పెట్టుకుని, మళ్ళీ పక్కకు జరిగేవాడే దొరకడు.

మీ అరుగుల మీద ఏ లడాయిలు జరిగాయో, ఎవరెవరి సిపాయిలను ఎత్తుకుపోయారో కింద రాయండి... అబద్ధాలైనా పర్వాలేదు, నేనూ సగం అవే రాస్తాను.

కానీ సాయిలు మాట మాత్రం నిజం. భివండి పక్క వాళ్ళెవరైనా ఉంటే... ముక్కు తుడుచుకుంటూ తిరిగే ముసలోడు కనబడితే, ఈ ఒక్క మాట చెప్పండి.

లచ్చిగాడు పక్కకు జరిగిండు... వచ్చి తాగిపొమ్మన్నడు.