తల మీద తిరిగిన పాలిష్ అన్న

మీరిప్పుడు చదవబోయేది ఒక వీరగాథ. ఇందులో యుద్ధం ఉంది. కృష్ణానదిని దాటే ఘట్టం ఉంది. ఒక పెద్దమనిషి ముఖం నేలపాలవడం ఉంది. తల భూమ్మీద ఆనించి, కాళ్లు ఆకాశానికి చాచి, ఒకాయన లోకాన్ని గిరగిరా తిప్పేయడం కూడా ఉంది.

సరే, నిజం చెప్పేస్తాను. యుద్ధంలో ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. కృష్ణను ఎర్రబస్సులో, సీటు దొరకక రాడ్డు పట్టుకుని దాటాం. పెద్దమనిషి ముఖం ఫ్లెక్సీ మీద అచ్చేసిన బొమ్మ. లోకం ఎక్కడిది అక్కడే ఉంది. తిరిగింది ఆ ఒక్కాయనే.

రెండు వేల ఆరో, ఏడో. ఇంటర్ లెక్కల పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి తప్పడానికి శ్రద్ధగా తయారవుతున్నాను. గద్వాలలో మా ఇంటి హాల్లో కొత్తగా బండలు పరిచారు. వాటికి పాలిష్ పట్టడానికి ఒకాయన వచ్చాడు. ముప్పైకి అటూ ఇటూ వయసు, సన్నటి మనిషి, మెడ మాత్రం ఒంటికి సంబంధం లేకుండా లావు. ధరూర్ వైపు పల్లె. పదహారేళ్లప్పుడు మేస్త్రీ వెంట బొంబాయి పోయి, ముందు తట్టలు మోసి, తర్వాత పాలిష్ మిషను పట్టాడట. పండక్కి వచ్చి, మళ్లీ మేస్త్రీ బ్యాచి కదిలేదాకా ఊరికే ఉండలేక మా ఇంట్లో పని ఒప్పుకున్నాడు. పక్క గల్లీలోనే అద్దెగది.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన భార్య సద్ది తెచ్చింది. వెంట మూడేళ్ల కూతురు. పాప తల్లి కొంగు వెనక్కి పోయి, "అమ్మా, మామకు బువ్వ వెట్టు," అంది.

ఆయన నవ్వాడు. "ఏడాదికోపారి కనపడేటోన్ని మామ అనక ఏమంటది తమ్మీ," అని నాతో అని, తినకుండానే మిషను ఆన్ చేశాడు. ఆ మోతలో ఇంకేం మాట్లాడటానికి లేదు. అందుకే ఆన్ చేశాడేమో.

సాయంత్రం పని అయిపోయింది. బురదనీళ్లు కడిగేశాక బండలు నల్లగా, తడి గేదె వీపులా మెరుస్తున్నాయి. నేను చేత్తో రాసి, నున్నగా అయిందని యజమాని కొడుకు హోదాలో ప్రకటించాను.

"చేత్తోని సూస్తే సగమే తెలుస్తది," అన్నాడాయన. "నెత్తితోని సూస్తే పూర తెలుస్తది."

సంచిలోంచి ఒక ఉన్ని టోపీ తీశాడు. దాని లోపల చుట్టబట్ట పెట్టాడు, అదే, తట్టలు మోసేవాళ్లు నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట. టోపీ పెట్టుకుని, వంగి, తల నేలకు ఆనించి, రెండు చేతులతో బండను తోశాడు. కాళ్లు పైకి లేచి విడిపోయాయి. ఇంకోసారి తోశాడు. తర్వాత చేతులు నేల మీంచి తీసేసి గుండెకు హత్తుకున్నాడు. మనిషి తిరుగుతూనే ఉన్నాడు. బొంగరానికి మేకు ఉన్నచోట ఆయనకు తల ఉంది, అంతే తేడా. ఏడు దాకా లెక్కపెట్టాను. తర్వాత ఏ అంకె వస్తుందో గుర్తు రాలేదు. లెక్కల్లో ఎలా తప్పానో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మా నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. "ఓరి నీ పాడుగాను! కొత్త బండల మీద తలకిందులైతవేందిర పిల్లగా!" అని మొదలుపెట్టి, సగంలో ఆగి, ఆయన ఆగేదాకా చూసింది. "ఊకె రాలే ఆ మెడ. మోసిన మెడ అది," అని, నావైపు తిరిగి, "నువ్వు గూడ గట్ల నిలబడి సదువు. అట్లనన్న పాసైతవేమో," అంది.

ఆ రోజు నుంచి నేను ఆయనకు శిష్యుణ్ని. ఆయన ఒప్పుకోలేదు, నేనూ అడగలేదు.

ఎక్కడ నేర్చుకున్నాడంటే, బొంబాయిలో సగం కట్టిన బిల్డింగులో. కింది అంతస్తు నేలను ఈయనే నున్నగా చేశాడు. ఆదివారం ఆ నేల కోసం చుట్టుపక్కల బస్తీ పిల్లలు టేపురికార్డరు పట్టుకుని వచ్చేవాళ్లు. తరమడానికి వెళ్లి, చూస్తూ ఉండిపోయాడు. నాలుగేళ్ల ఆదివారాలు.

"ఆడ గుండ్రంగ నిలబడ్తరు తమ్మీ. నడుమ జాగలకు ఎవడైన రావొచ్చు. నీ పేరేంది, మీ నాయిన ఏం జేస్తడు, ఎవ్వడడగడు. ఏం తెచ్చినవు, చూపియ్యి, గంతే. ఇద్దరు ఎదురెదురుగ కొట్లాడుకున్నట్లే ఆడ్తరు, కని చెయ్యి తాకొద్దు. తాకితే ఓడినట్లు."

గద్వాలలో జనం గుండ్రంగా నిలబడ్డారంటే నాకు తెలిసి రెండే కారణాలు: నడుమ కొట్లాటైనా ఉండాలి, పసరు మందు అమ్మేవాడైనా ఉండాలి. మూడో కారణం ఉందని అప్పుడే విన్నాను.

ఇంకో రూలుంది. పక్కవాడి స్టెప్పు నువ్వు వేస్తే దొంగతనం. "నీ ఒంటికి తెలిసిన పని నువ్వు చూపియ్యాలె," అన్నాడు.

"నా ఒంటికి ఏ పనీ తెల్వదన్నా."

"గదే చూపియ్యి."

తర్వాత ఎన్నో ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. ఇదంతా న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేటలో పుట్టిందట. నల్లజాతి పిల్లలు, పోర్టోరికో నుంచి వలసొచ్చిన వాళ్ల పిల్లలు. వీధిదీపం స్తంభం నుంచి కరెంటు లాగి పాటలు పెట్టుకునేవాళ్లట. స్తంభానికి కొక్కెం వేయడంలో మా పాలమూరు రైతు ఎవరికీ తీసిపోడు కాబట్టి ఆ ఒక్క విషయం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మిగతాదంతా కలిగించింది. పాటలో గొంతు ఆగిపోయి ఉత్త డ్రమ్ము మోగే కాసేపు ఉంటుంది చూడండి, దాన్నే బ్రేక్ అంటారు. డాన్సు చేసేవాళ్లు దానికోసమే కాచుకుని ఉండేవాళ్లట, బ్రేక్ డాన్సు అన్న పేరు అలా వచ్చిందే. అది గమనించి, పాటలు వేసేవాళ్లు రెండు రికార్డులు పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పారు. దాని మీద ఒకరు మైకు పట్టి మాటలు అల్లారు. గోడల మీద ఇంకొకరు పేర్లు రాశారు. నడుమ ఖాళీలో ఒకరు తల మీద తిరిగారు. అందరూ కలిస్తే హిప్ హాప్. ఏమీ లేని చోట, పాట కూడా లేని ఆ నాలుగు క్షణాల్లో, వాళ్లు ఇల్లు కట్టుకున్నారు.

ఇవేవీ తెలియకుండానే మేం క్యాసెట్లు రికార్డు చేసే చిచ్చా దుకాణానికి వెళ్లాం. ఎందుకంటే అప్పటికి పాలిష్ అన్నకు ఒక అవకాశం వచ్చింది. వనపర్తిలో ఒక ప్రైవేటు బడి. అక్కడ నేల పాలిష్ పట్టడానికి వెళ్లినప్పుడు అలవాటు కొద్దీ నెత్తితో పరీక్ష చేశాడు. కరస్పాండెంట్ సారు చూశాడు. "వార్షికోత్సవంల చేసి చూపియ్యి. తల్లిదండ్రులకు నచ్చితే డాన్స్ మాస్టరుగ పెట్టుకుంట," అన్నాడు. నచ్చితే ఈయన ఇక్కడే ఉంటాడు. నచ్చకపోతే ఆ తర్వాతి వారం మేస్త్రీ బ్యాచి బొంబాయి పోతుంది, పాపకు ఇంకో ఏడాది మామ.

చిచ్చా దగ్గర రెండు డెక్కులున్నాయి. అన్న ఒక పాత సినిమా పాట క్యాసెట్ ఇచ్చి, నడుమ డోలక్, డ్రమ్ము మోగే ముక్క వినిపించాడు. ఐదు సెకన్లు.

"పాట యాడికెంచి కావాలె?" అన్నాడు చిచ్చా.

"పాట వద్దు చిచ్చా. పాట లేని జాగనే కావాలె. గదే మళ్ల మళ్ల."

"ఎన్నిసార్లు?"

"పది నిమిషాలు వచ్చేదాంక."

చిచ్చా అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అరె భై, ఇరవై ఏండ్ల సంది దుకాన్ల కూసున్న. గాయకున్ని తీసేసి సప్పుడు నింపియ్యమన్నోన్ని నిన్నే చూస్తున్న. జర తబియత్ మంచిగుందా?"

కానీ మొదలుపెట్టాడు. నొక్కడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ నొక్కడం. ఇరవయ్యోసారికి విసుక్కున్నాడు. నలభయ్యోసారికి ఆయన మోకాలు ఊగడం మొదలైంది. చివరికి మొత్తం వినిపించినప్పుడు, ఆ ఐదు సెకన్లు అతుకు తెలియకుండా ఒకదాని వెంట ఒకటి దొర్లుతూ వచ్చాయి. ఇన్నేళ్లూ పాట కింద ఇంత పెద్ద వాగు పారుతోందా అనిపించింది. చిచ్చా ఇంకో ఖాళీ క్యాసెట్ తీశాడు. తర్వాత, "నాకొక కాపీ తీస్కుంట," అన్నాడు.

సాధన మా హాల్లో. నాన్న ఆఫీసుకు పోయాక. నేనూ, ఇటిక్యాల నుంచి వచ్చి గదిలో ఉండి చదువుతున్న నా స్నేహితుడూ అన్నకు జట్టు. స్నేహితుడు చేనూ చెలకా తెలిసినవాడు, వేరుశనగ చెరిగే చేతులు వాడివి. చేట పట్టుకున్నట్టు ఒళ్లంతా ఊపుతూ నా ముందుకు వచ్చి, పొట్టు ఊదినట్టు నన్ను ఊదేశాడు. అదీ యుద్ధం. నేను కిందపడ్డాను. మోచేతి మీద తల పెట్టుకుని, కాలు మీద కాలేసి, టీవీ చూస్తున్నట్టు అలాగే ఉండిపోయాను, లేవడానికి బద్ధకమై.

"కదలకు! గదే నీ స్టెప్పు!" అన్నాడు అన్న. జీవితంలో నా బద్ధకాన్ని ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఆదివారం వనపర్తి బస్సెక్కాం. బీచుపల్లి దగ్గర వంతెన మీద అందరూ ఆంజనేయస్వామి గుడివైపు దండం పెట్టారు. అన్న ఒక్క చేత్తోనే పెట్టాడు, రెండో చంకలో టేపురికార్డరు ఉంది.

బడి ఆవరణలో స్టేజీ చూసి ఆయన ముఖం మారిపోయింది. చెక్కల మీద మందపాటి పచ్చ కార్పెట్ మేకులు కొట్టి బిగించారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో దాన్ని నిమిరాడు.

"పట్టేస్తది తమ్మీ. దీని మీద తిరిగితే నేనొక దిక్కు పోత, మెడ ఈడ్నే ఉంటది."

"తిరగకుండ మిగిలినవి చేద్దమన్నా," అన్నాడు స్నేహితుడు.

"మిగిలినవి చూసి నౌకరీ ఎవడిస్తడు?"

ఆయన చుట్టూ చూశాడు. గ్రౌండ్ గట్టి మట్టి. గోడకు కరస్పాండెంట్ సారు నమస్కారం పెడుతున్న నున్నటి పెద్ద ఫ్లెక్సీ. అందరం దాన్నే చూశాం. స్నేహితుడు వెళ్లి తాళ్లు విప్పేశాడు.

స్టేజీ ముందు నేల మీద ఫ్లెక్సీని తెల్లవైపు పైకి వచ్చేట్టు పరిచి, అంచుల మీద రాళ్లు పెడుతుంటే కరస్పాండెంట్ సారు వచ్చేశాడు. "నా ఫోటో యాడ?"

"కిందుంది సార్," అన్నాన్నేను. "మీ మొఖం మీద తిరిగితే మర్యాద గాదని బోర్ల పెట్టినం."

ఆయనకు కోపగించుకోవడానికి సమయం చాలలేదు. టేపు మొదలైంది.

అప్పుడు జరిగింది మేం అనుకున్నది కాదు. నేల మీద ఆడుతుంటే కుర్చీల్లో ఉన్నవాళ్లకు కనబడదు. కాబట్టి ముందు పిల్లలు లేచారు. వెనక తల్లులు, చంటిపిల్లల్ని ఎత్తుకుని. తర్వాత తండ్రులు. తోసుకుంటూ, కాళ్లు తొక్కుకుంటూ వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే గుండ్రంగా. కార్పెట్ సరిగ్గా ఉండి ఉంటే ఆ గుండ్రం వచ్చేదే కాదు. స్టేజీ మీద ఒంటరిగా మిగిలిన ముఖ్య అతిథి కాసేపు బెట్టు చేసి, ఆయన కూడా దిగి వచ్చాడు.

స్నేహితుడు చెరిగాడు. నేను పడుకున్నాను, బాగా నవ్వారు. తర్వాత అన్న నడుమకు వచ్చాడు. పాలిష్ మిషను తోస్తూ వెనక్కి అడుగులేసే నడకతో ఫ్లెక్సీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తల ఆనించాడు. తోశాడు.

సరిగ్గా అప్పుడే టేపు చుట్టుకుపోయి ఆగిపోయింది. సినిమాలో అయితే జనం చప్పట్లతో తాళం అందుకుంటారు. ఇక్కడ ఎవరూ అందుకోలేదు. అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. నోరు తెరిచినప్పుడు మనిషికి చేతులున్నట్టు గుర్తుండదు. ఉన్ని టోపీ ఫ్లెక్సీని రాసుకునే సరసర శబ్దం ఒక్కటే. ఆయన చేతులు గుండెకు హత్తుకున్నాయి. కాళ్లు దగ్గరకు వచ్చాయి. వేగం పెరిగింది. ముఖం కనబడకుండా పోయింది, తర్వాత చొక్కా రంగు కూడా. అన్ని తట్టల సిమెంటు, ఇసుక, ఇటుక మోసిన మెడ ఆ రోజు ఒక్క మనిషినే మోస్తోంది, అదీ ఆయన్నే. నేను చాలాసార్లు చూసినవాణ్నే. అయినా ఈసారి లెక్కపెట్టడమే మరిచిపోయాను. మా వెనక ఎవరో ముసలమ్మ మెల్లగా, "ఆగకు నాయినా," అంది.

ఆగాడు, చివరికి. మనిషి కదా. కాళ్లు దించి కూర్చుని, టోపీ తీసి, తల గోక్కున్నాడు. అప్పుడు గుర్తొచ్చాయి జనానికి చేతులు.

కరస్పాండెంట్ సారు ఆఫీసు గదిలోకి పిలిచాడు. "పిల్లల మెడలకు ఏమన్నయితే?"

"నెత్తి మీద ఎవ్వర్ని తిప్ప సార్. మొదలు తాళానికి నడుచుడు నేర్పుత. రెండేండ్లు గదే."

సారు ఆలోచించాడు. వనపర్తిలో ఖాళీ లేదన్నాడు. నాగర్‌కర్నూల్ బ్రాంచిలో పీటీ సారు మానేశాడు, పీటీ, డాన్సు రెండూ చూసుకోవాలన్నాడు. "ఫ్లెక్సీ మాత్రం కడిగి కట్టిపోండ్రి."

అన్న ఒక్కటే అడిగాడు. "ఇంట్లోళ్లను తీస్కపోవచ్చా సార్?"

"తీస్కపోక? పాపను నర్సరీల ఎయ్యి."

ఆయన బయటికొచ్చాడు. కుళాయి దగ్గర ఫ్లెక్సీని ఒక్కడే కడిగాడు, అవసరమైనదానికన్నా చాలా ఎక్కువసేపు.

ఆ వారం మేస్త్రీ బ్యాచి ఆయన లేకుండానే బొంబాయి బండెక్కింది. ఎండాకాలం సెలవులయ్యాక ముగ్గురూ నాగర్‌కర్నూల్ మారిపోయారు. తర్వాత ఒకసారి చూడ్డానికి వెళ్లాను. గ్రౌండ్‌లో పిల్లలు గుండ్రంగా నిలబడి ఉన్నారు. నడుమ ఒక పిల్ల వాళ్లమ్మ పత్తి తీసినట్టు రెండు చేతులతో గాలిని తెంపుతోంది. ఆ గుండ్రంలో పాప కూడా ఉంది. ఆయన్ని "సార్" అంటోంది, బళ్లో అందరూ అదే అంటారు కాబట్టి. ఆయన దానికి కూడా పలుకుతున్నాడు.

మళ్లీ మళ్లీ వెళ్లాలనుకున్నాను కానీ కుదరలేదు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు మాకు అప్పుడు నేరుగా బస్సు లేదు. వనపర్తిలో దిగి మారాలి. నా స్టెప్పు ఏమిటో మీకు తెలుసు కదా.