పొద్దు పొడవని చోట కల్లూరు టైము

మొన్న శుక్రవారం మా ఎదురింటి భాయి పోయాడు. "చాయ్ తాగతా తాగతానే మా నాయన ఒరిగిపాయ మామా" అని అతని కొడుకు వచ్చి చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే పాత కుళ్ళూ వచ్చింది. ఈసారీ నాకంటే ముందే వెళ్ళాడు.

మేమిద్దరం కల్లూరులో ఒకే షెడ్డులో డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాళ్ళం. అంటార్కిటికాలో మన దేశం వాళ్ళ స్థావరానికి జనరేటర్ మెకానిక్కులు కావాలంటే ఇద్దరం దరఖాస్తు పెట్టాం. నాకు బీపీ ఉందన్నారు. భాయి ఓడెక్కాడు. పని నేర్పింది నేను, మంచు చూసింది అతను.

తిరిగొచ్చాక వీధంతా అతని అరుగు మీదే, మా ఆవిడతో సహా. అంటార్కిటికా మన దేశానికి నాలుగింతలకు పైనే ఉంటుందట. దాదాపు అంతా మంచేనట, సొంత జనమంటూ లేరట. "అంత మంచుండాదే గానీ వాన లేదప్పా. మన సీమ కంటే కరువు సీమ" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేను తప్ప. తెల్ల ఎలుగుబంట్లు చూశావా అని గొప్పగా అడిగాను. "అవి ఉత్తరం కొసన ఉంటాయప్పా. ఆడ పెంగ్విన్లే" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికి ఇంకా మండింది.

అతను అక్కడున్నప్పుడే రంజాను వచ్చింది. ఆ కాలంలో అక్కడ వారాల తరబడి పొద్దే పొడవదు. మరి ఉపవాసం ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు విడవాలి? భాయి తన చేతి గడియారాన్ని కల్లూరు టైములోనే ఉంచుకున్నాడట. "మన మసీదులో అజాన్ అయింటాదిలే అనుకోని ఖర్జూరం నోట్లో ఏసుకుంటాంటి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అంత దూరం పొయ్యి కూడా కల్లూరేనా భాయ్? నేనైతే ఆ ముల్లు తిప్పేసుంటి."

అతను నాకేసి చూశాడు. "నీ కుళ్ళు నాకు తెలుసప్పా. నా కుళ్ళే నీకు తెలీదు. ఆ టైముకు నువ్వు మా ఇంటి గంజి తాగతాంటివి. ఆడ రాళ్ళుండాయి, మంచుండాది. మన్ను కోసం మొగం వాచిపాయ."

నిజమే. రంజాను సాయంత్రాల్లో భాయి భార్య మా ఇంటికి గంజి పంపడం ఆ ఏడూ మానలేదు.

ఖబరస్తాన్‌లో నా వంతుగా పిడికిట్లోకి మన్ను తీసుకున్నాను. ఎండకు కాలి ఉంది. మంచూ అతనికే దక్కింది, మన్నూ అతనికే ముందు దక్కింది. అందరూ వేసి పక్కకు జరిగారు. నేను మాత్రం పిడికిలి విప్పలేక, ఆ వేడి మన్ను పట్టుకుని నిలబడ్డాను.