దుబాయికి చేరిన బాలలక్ష్మి గొంతు

కథలాపూర్‌లో బీడీలు చుట్టే బాలలక్ష్మికి, భర్త రాజేశం దుబాయి చేరిన దగ్గర నుంచి ఒకటే దిగులు. వాట్సాప్‌లో కాల్ చేస్తే ఎత్తుతాడు, కానీ మాట్లాడడు. అటువైపు చిన్న చప్పుడైనా ఉండదు. వేరే విధంగా ఫోన్ చేయడం ఆమెకు తెలియదు. రాయడమా, ఇద్దరికీ రాదు.

పోయేముందు ఇద్దరికీ గొడవైంది. వరుసగా కరువొచ్చి తాటిచెట్లు ఎండిపోతే, కల్లుగీత పని వదిలి దుబాయి పోతానన్నాడు రాజేశం. ఆమె వద్దంది. ఆయన వినలేదు. ఆ కోపంతో ఆమె కోరుట్ల బస్టాండు దాకా కూడా రాలేదు. ఇప్పుడు ఆయన అందుకే మూగనోము పట్టాడనుకుంది.

పది రోజులు ఓర్చుకుని, కోరుట్లలో మధుకర్ సెల్‌ఫోన్ల దుకాణానికి వెళ్లింది. అతను ఆరేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు.

"తమ్మీ, గీ ఫోన్ జర సూడు. మీ బావ ఎత్తుతడు, మాట్లాడడు. నామీద కోపమున్నదో ఏందో."

మధుకర్ నవ్వాడు. "ఫోన్ మంచిగనే ఉన్నదక్కా. ఆడ నెట్టు కంపెనీలు గీ కాల్స్ పోనియ్యయి. ఫోటోలు పోతయి, మెసేజీలు పోతయి. మాట్లాడాలంటే మాత్రం వాళ్లు ఒప్పుకున్న యాప్‌లే వాడాలె. దానికి ప్యాక్ వేరే."

"నెట్టుకు పైసలు కట్టినంక ఏది పోవాలె, ఏది పోవద్దని వాళ్లెట్ల చెప్తరు? టికెట్ కొని బస్సెక్కినోణ్ని నోరు మూసుకొని కూసోమన్నట్టున్నది!"

"గంతే అక్కా. గని మాటను రికార్డు చేసి పంపితే మెసేజి లెక్క పోతది. గీ మైకు బొమ్మ ఒత్తిపట్టి మాట్లాడు."

దుకాణంలో నలుగురున్నారు. సిగ్గుపడుతూనే బొమ్మ ఒత్తింది. "నేను బాలలక్ష్మిని. బస్టాండుకు రాలే, తప్పయింది. అన్నం తిన్నవా?"

ఊరి బస్సు కోసం నిలబడి ఉండగానే జవాబొచ్చింది. "నువ్వే కోపంతోని మాట్లాడుతలేవనుకున్న. పది రోజులసంది హలో హలో అని మొత్తుకుంటున్న బాలలచ్చీ!"

ఆమె ఆ మాటల్ని బస్సులో మూడుసార్లు విన్నది.

ఇంట్లో ఉన్నప్పుడు రాజేశం ఊ, ఆ అని తప్ప మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు రికార్డు చేసేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డం రాకపోవడంతో మాటలు వాటంతటవే వచ్చేవి. "ఖర్జూర చెట్లకు నీళ్లు వడుతున్న. సూస్తే ఎక్కబుద్దయితది," అన్నాడొకసారి. చేట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ ఆమె కిసుక్కున నవ్వింది. కరోనా వచ్చి పని ఆగి, ఎనిమిది మంది ఒకే గదిలో చిక్కుకున్నప్పుడు ఆయన గొంతు నీరసించింది. అప్పుడామె రేకుల మీద పడే వాన చప్పుడును, అత్త గౌరవ్వ తిట్లను కూడా పంపింది. ఆ తిట్లు విని గదిలో అందరూ నవ్వారట.

దుబాయిలో ఉన్న తమవాళ్లకు మాటలు పంపడం నేర్చుకోవడానికి వాడలో ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆమె దగ్గరికి రాసాగారు. ఎల్లవ్వ ఫోన్‌ను చెవికి ఆనించి అరిస్తే, "నోటి కాడ పట్టు పెద్దమ్మా, గట్ల ఒర్రకు," అని బాలలక్ష్మి సరిచేసేది.

నాలుగేళ్లకు రాజేశం తిరిగొచ్చేశాడు. అప్పటికి వానలు బాగా పడి చెరువు గట్టు మీద ఈతచెట్లు పచ్చగా ఉన్నాయి. మళ్ళీ చెట్టెక్కే మోకు భుజాన వేసుకున్నాడు. పొద్దున చాయ తాగుతూ భార్యకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు.

"నీ మొగనికి గిన్ని మాటలెక్కడియే?" అంటుంది గౌరవ్వ.

"నీ కొడుకునే అడుగు అత్తా," అని, బాలలక్ష్మి ఆయన చెప్పేది వినడానికి దగ్గరికి జరుగుతుంది.