‘వాజవూ నకా’ అని రాసిన క్యాసెట్

మొన్న ఫోన్లో ఈ అమ్మమ్మని అడిగావు కదా నాన్నా, ఆ పాత కీబోర్డుల్లో శబ్దాలు ముందే ఉండేవా అని. ఉండేవి. ఆర్గాన్ ఉండేది, పియానో లాంటిది ఒకటి ఉండేది, గాలి హోరుమన్నట్టు ఇంకొకటి. నాందేడ్ పెళ్ళిళ్ళలో వాటితో ఏం చేస్తాం? పెళ్ళికొడుకు గుర్రం మీద వస్తుంటే సన్నాయి కావాలి. అది మనమే తయారుచేసుకోవాలి.

నేను ఏ ఒక్క బ్యాండు మనిషినీ కాదు. మా నాన్న రైల్వే కాలనీ భజనల్లో హార్మోనియం వాయించేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఒక ఆర్కెస్ట్రావాళ్ళు తమ మనిషి రాకపోతే నన్ను పిలిచారు. తర్వాత ఇంకొకరు. ముద్‌ఖేడ్, నాయ్‌గావ్, దెగ్లూర్, ఎవరు పిలిస్తే వాళ్ళతో ఎస్టీ బస్సులో వెళ్ళి వాయించి వచ్చేదాన్ని.

సింథసైజర్, అదే ఆ కీబోర్డు, నాది కాదు. బజార్లో ఒక దుకాణంవాళ్ళు అద్దెకిచ్చేవారు. ఇవాళ నేను, రేపు ఇంకొకరు. ఎవరు తీసుకెళ్తే వాళ్ళు తమ శబ్దాలు అందులో పెట్టుకునేవారు, ముందువాళ్ళవి చెరిగిపోయేవి. పోకుండా దాచుకోవాలంటే ఒకటే దారి. మిషన్‌కీ టేప్‌రికార్డర్‌కీ వైరు కలిపి, శబ్దాలన్నీ క్యాసెట్‌లోకి ఎక్కించాలి. వాయించే రోజు మళ్ళీ మిషన్‌లోకి దింపుకోవాలి. ఆ క్యాసెట్ మామూలుగా పెడితే పాట రాదు, కీచుమని ఒకటే అరుపు.

సన్నాయికి నాకు రెండు నెలలు పట్టింది. మధ్యాహ్నాలు దుకాణంలో మిషన్ ఖాళీగా ఉంటే కూర్చునేదాన్ని. ఒక మీట కాస్త జరపడం, వినడం, మళ్ళీ జరపడం. ముక్కుతో పాడినట్టు వచ్చేది గానీ ఊదినట్టు ఉండేది కాదు. చివరికి స్వరం కొంచెం కిందనుంచి జారి పైకెక్కేలా పెట్టాను. చాయ్ తాగుతున్న దుకాణం ఆయన లేచి వీధిలోకి చూశాడు, పెళ్ళి బారాత్ వస్తోందేమోనని. ఆ తర్వాత బ్యాండులవాళ్ళు నా పేరు అడగడం మానేశారు. సన్నాయక్క ఉందా అని కబురు పెట్టేవారు.

ఒకరోజు మీ అమ్మ సినిమా పాటలనుకుని ఆ క్యాసెట్ పెట్టి, అరుపుకు జడిసి ఏడ్చింది. పిల్లలది మరాఠీ బడి, తెలుగు చదవడం రాదు. అందుకని కాగితం మీద మరాఠీలో ‘వాజవూ నకా’, అంటే వాయించొద్దు, అని రాసి క్యాసెట్‌కు అతికించాను.

ఆ ఏడు దెగ్లూర్ దగ్గరి ఊరినుంచి మా అత్తమ్మ, మీ తాత వాళ్ళమ్మ, వచ్చి వారం రోజులుంది. ఆమె వెళ్ళిన ఆదివారం నాకు నాయ్‌గావ్‌లో పెళ్ళి. పొద్దున దుకాణానికి వెళ్ళి వైరు కలిపాను. మిషన్‌లోకి ఏమీ దిగలేదు. వైరు తీసి విన్నాను. అత్తమ్మ గొంతు. ఊళ్ళో జొన్నలెట్లా వచ్చాయో చెబుతోంది. తర్వాత దంచుడు పాట ఒకటి అందుకుంది. రెండు పక్కలూ ఆమే.

నాయ్‌గావ్‌లో ఆర్గాన్‌తోనే వాయించాను. ఢోలక్ ఆయన నవ్వుతూ, “అక్కా, పిలగాడు మండపానికి పోతుండా, చర్చికి పోతుండా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను.

ఇంటికొచ్చేసరికి మీ తాత పల్లీలు ఒలుస్తున్నాడు.

“ఆ క్యాసెట్‌ల ఏం నింపినవ్?” అన్నాను.

“మా అవ్వ ముచ్చట్లు. మంచిగచ్చినయా?”

“అండ్ల నా సన్నాయి ఉండె.”

ఆయన చేతిలో పల్లీ ఒలిచి పక్కన పెట్టాడు. “అండ్ల పాటలు ఖరాబైనయేమో అనుకున్న. వాయించొద్దని రాసినవ్ గని, చెరపొద్దని రాయలేదు గద.”

ఆ మాట నిజమే. నేను బియ్యం కడగడానికి వెళ్ళాను. వెనకనుంచి, “నువ్వు చేసిందే గద, మళ్ళ చేస్కో,” అన్నాడు.

మళ్ళీ కూర్చున్నాను. ఏ మీట ఎంత జరిపానో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ముక్కు వచ్చింది, ఊపిరి రాలేదు. కొన్నాళ్ళకు సన్నాయి ముందే పెట్టి ఉన్న మిషన్లు వచ్చాయి, వాటితోపాటు వాయించేవాళ్ళూ వచ్చారు. నాకు కబురు రావడం ఆగిపోయింది. ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టు ఉండేది, అంతే.

మా ఇంటికి వచ్చివెళ్ళిన ఆ ఏడు వానాకాలంలోనే అత్తమ్మ పోయింది. ఎవరొచ్చినా మీ తాత ఆ క్యాసెట్ పెట్టేవాడు. ఆడబిడ్డలు విని ఏడ్చేవారు. ఒక పక్క అయిపోతే తిప్పి పెట్టింది నేనే, అందరికీ చాయ్ చేసింది నేనే. అంతమంది ఏడుస్తున్నచోట నా సన్నాయి సంగతి ఎట్లా ఎత్తుతాను?

మీ తాత నన్ను వాయించడానికి పోవద్దని ఏనాడూ అనలేదు. పోయి వచ్చాక ఎట్లా జరిగిందని అడగనూ లేదు. కానీ నేను ఆ కాగితం అతికిస్తుంటే, ఇందులో ఏముందని అడిగింది ఆయనే. చెప్పాను. నా సన్నాయి ఉందని చెప్పాననే నాకు గుర్తు. ఆయన పేపరు చదువుతున్నాడు, తల ఊపాడు.

ఆయన పోయేదాకా అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు నేను చెప్పింది ఆయన విన్నాడా?