చిన్నయ్య దిద్దిన చెంప

రెండు సగాలూ సమానంగా ఉన్న ముఖం చిన్నయ్య ముప్పై ఏళ్లలో ఒక్కటీ చూడలేదు. పాన్‌గల్ బస్టాండు ఎదుట ఆయన ఫొటో స్టూడియో. ఒకరికి ఒక కన్ను కిందికి ఉంటుంది, ఒకరికి ముక్కు పక్కకు ఉంటుంది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనడు. "జర ఎడమకు తిరుగు. గదుమ పైకి లేపు" అంటాడు. మిగిలింది కంప్యూటర్లో సరిచేస్తాడు. వచ్చినవాళ్లు అదే తమ ముఖమనుకొని ఇంటికి పోతారు.

పావని ముఖంలో తేడా దూరానికే కనబడుతుంది. పుట్టుకతోనే కుడి దవడ చిన్నది. కుడి చెవి మొగ్గలా ముడుచుకొని ఉంది. పదమూడేళ్ల పిల్ల. తల్లి తిరుపతమ్మ పత్తి ఏరడానికి కూలికి పోతుంది.

హైదరాబాదులో డాక్టరు చూశాడు. పిల్ల ఎదిగే కొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంటే, ఎముకను సాగదీసే ఆపరేషన్ ఈ వయసులోనే చేయాలన్నాడు. పెరగకపోతే ఆగవచ్చు. ఆ రోజు కొలిస్తే ముఖం నడిగీత నుంచి గడ్డం ఏడు మిల్లీమీటర్లు కుడికి జరిగి ఉంది. ఆరు నెలలకు మళ్లీ కొలవాలి. అంత దూరం రాలేమని తిరుపతమ్మ అంటే, స్కేలు పక్కన పెట్టి ఎదురుగా తీసిన ఫొటో పంపమన్నాడు.

ఆరు నెలలు నిండాక ఆ ఫొటో చిన్నయ్య తీశాడు. ఊరి నర్సు మాలతి పంపింది. వారానికి జవాబు వచ్చింది. నాలుగు మిల్లీమీటర్లు. తేడా తగ్గుతోంది, ఆపరేషన్ అక్కర్లేదు.

తిరుపతమ్మ మైసూరుపాకు పొట్లం పట్టుకొని కూతురితో స్టూడియోకు వచ్చింది.

"తిను అన్నా. నీ చేత ఫొటో దిగింది, నా బిడ్డకు కత్తి తప్పింది."

పావని తినలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది, ఎప్పటిలాగే జుట్టుతో చెవి కప్పుకొని.

"మామా, పోయినేడు జొన్నరొట్టె రెండు దిక్కుల నమిలేదాన్ని. ఇప్పుడు ఒక్క దిక్కే వస్తుంది. మరి ఎట్ల తగ్గింది?"

"తగ్గిందని డాక్టరే చెప్పిండు కదనే" అంది తల్లి. "నీకు సంతోషం తెల్వదు."

వాళ్లు వెళ్లాక చిన్నయ్య కంప్యూటర్ తెరిచాడు. పంపిన ఫొటో పక్కన కెమెరాలోని ఫొటో పెట్టాడు. పంపినదాంట్లో గడ్డం నడిమికి జరిగి, కుడి చెంప నిండుగా ఉంది. తాను నింపిందే. ఎప్పుడు నింపాడో గుర్తులేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కెమెరాలోని ఫొటో కూడా పనికిరాదు. అందులో పావని తల కొంచెం తిరిగి ఉంది, చిన్నవైపు కనబడకుండా. తిరగమన్నదీ ఆయనే.

మైసూరుపాకు ముక్క బల్లమీద అలాగే ఉంది.

మాలతికి ఫోన్ చేశాడు. ఆమె విన్నది. ఆ తర్వాత ఊరుకోలేదు.

"చిన్నన్నా, డాక్టరుకు ఫొటో అంటే పెండ్లిచూపుల ఫొటో అనుకున్నవా? ఈ ఏడాది ఆపరేషన్లకు పేర్లు శనివారం దాకనే తీసుకుంటరు. ఇయ్యాల గురువారం!"

"రేపు పొద్దుగాల మళ్ల తీస్త. తిరుపతమ్మకు నేనే చెప్త."

సాయంత్రం ఆయన వాళ్లింటికి నడిచి వెళ్లాడు. తిరుపతమ్మ పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తగ్గలేదు చెల్లె. నేనే తగ్గించిన."

విషయమంతా చెప్పాడు. పెనం మీద రొట్టె మాడింది. ఆమె దాన్ని తీయలేదు.

"వాడకట్టంత చెప్పుకున్న అన్నా" అంది.

"ఎవలన్న అడిగితే నా పేరు చెప్పు."

"చెప్త. నిన్నెందుకు ఇడుస్త?"

లోపలినుంచి పావని వచ్చి పెనం దించింది. "నేను అన్ననా లేదా?" అని తల్లిని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

తెల్లారి చిన్నయ్య స్టూడియో పైకప్పు కొక్కేనికి దారం కట్టాడు. కొసకు రాయి వేలాడదీశాడు. తల తిన్నగా ఉందో లేదో ఇక కంటికి వదలదలచుకోలేదు. మాలతి చిన్న నల్ల బొట్టుబిళ్లలు తెచ్చి పావని కనుబొమల మధ్య ఒకటి, నోటి మూలల్లో రెండు, గడ్డం మీద ఒకటి అంటించింది. కొలిచేవాళ్లకు అవే గుర్తులు.

"ఇన్ని బొట్లా? జాతరకు పోతున్ననా అక్కా?" అంది పావని.

"కదలకు. మీ మామ మళ్ల అందంగ తీస్తడు" అంది మాలతి.

చిన్నయ్య ఆ దెప్పు విననట్టే ఉన్నాడు. "జుట్టు ఎనకకు కట్టు బిడ్డా. చెవులు రెండూ కనబడాలె."

పావని తల్లివైపు చూసింది. తిరుపతమ్మే లేచి, జుట్టు దువ్వి గట్టిగా ముడి వేసింది. చిన్నయ్య ఈసారి తిరగమనలేదు. గడ్డం ఎత్తమనలేదు. దారం, స్కేలు పక్కన ముఖం ఎలా ఉందో అలాగే కెమెరాలోకి వచ్చింది.

"గట్లనే పంపుతవా?" అంది పావని.

"గట్లనే."

ఆమె వచ్చి తెర ముందు నిలబడింది. తన ముఖాన్ని అంత పెద్దగా, అంత తిన్నగా చూడటం అదే మొదలు.

"కండ్లు మాత్రం సమానంగ ఉన్నయి" అంది చివరికి.

చిన్నయ్య వంగి చూశాడు. స్కేలు పెట్టి చూశాడు. నిజమే. ముప్పై ఏళ్లలో అలాంటి కళ్లు ఆయనకు తగల్లేదు.

"ఆ కండ్ల గీత పట్టుకొనే మిగిలిందంత కొలుస్తరు" అంది మాలతి.

శనివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. తొమ్మిది మిల్లీమీటర్లు. పేరు రాసుకున్నారు. పరీక్షలు కాగానే ఏప్రిల్లో తీసుకురమ్మన్నారు.

"భయమైతుందా?" అని చిన్నయ్య అడిగాడు.

"జర అయితుంది" అంది పావని. "గా ఫొటో నాకు ఒకటి తీసియ్యి మామా. ఆపరేషన్ అయినంక పక్కన పెట్టుకొని చూస్త. ఏం దిద్దకు మళ్ల."

ఆపరేషన్ తర్వాత కూడా ఆరు నెలలకోసారి కొలవాలట. దారం, రాయి ఇంకా స్టూడియోలోనే వేలాడుతున్నాయి. వచ్చినవాళ్ల తలకు తగులుతుంటాయి.

"ఏందన్నా ఇది, తీసెయ్యరాదు?" అంటారు.

"ఉండనీ" అంటాడు చిన్నయ్య. "పావని మళ్ల వస్తది."